గుర్రపువాడి మొహం

మట్టిగుర్రాన్ని చూసేవాళ్ళు గుర్రాన్నే చూస్తారు, దాని పగ్గం పట్టుకున్నవాడి మొహం ఎవరూ చూడరు. లోయాంగ్‌లో ఉత్తరపు అంగడి వెనక సందులో ముప్పై ఏళ్ళు నేను అంటూ వచ్చిన మాట ఇది. పనిలో కొత్తగా చేరిన ఆడవాళ్ళకు మొదటి రోజే చెప్పేదాన్ని, గుర్రం కళ్ళ దగ్గర, జీనుగుడ్డ మీది పువ్వుల దగ్గర ఎంత పొద్దయినా కూర్చోండి, గుర్రపువాడి దగ్గర మాత్రం పొద్దు పాడుచేసుకోకండి అని. అంతా తెలిసినదానిలా చెప్పేదాన్ని. నా నోట మన్ను పడ.

నా అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. పుట్టింట్లో ఏడోదాన్ని గనక సందంతా ఏడమ్మ అంటుంది. మా సందులో అన్నీ కింది సామాను చేసే ఇళ్ళే. పెద్దవాళ్ళు పోతే వాళ్ళతో పాటు మాంగ్ కొండ మీద సమాధిలో పెట్టే బొమ్మలను మేం అలా అంటాం. ఒక ఇల్లు ఒంటెలు చేస్తుంది, ఒక ఇల్లు పాటకత్తెలను చేస్తుంది, మాది గుర్రాల ఇల్లు. అచ్చుల్లో మట్టి నొక్కి, సగాలు అతికి, ఆవంలో కాల్చి, తెల్లమట్టి పూసి, దాని మీద రంగులు వేస్తాం. గుర్రం మెడ వెంట ఒక గాడి, తోక దగ్గర ఒక చిల్లు వదిలేస్తాం. అక్కడ నిజం గుర్రపు వెంట్రుకలు జిగురు పెట్టి దిగేస్తాం. పక్కన నిలబడే గుర్రపువాడి పిడికిలికీ చిల్లు ఉంటుంది, నిజం తాడు దూర్చడానికి. వెంట్రుకలు దిగెయ్యడం, రంగులు వెయ్యడం, పచ్చి మట్టి మీద మొహాలు వెదురు కత్తితో సరిచెయ్యడం నా పని.

అచ్చులోంచి వచ్చే గుర్రపువాడి మొహం ఎవరిదీ కాదు. ముక్కు, నోరు, రెండు బుగ్గలు, అంతే. అది చేతకాక అలా చేసింది కాదు. బతికున్నవాడి మొహం కింది సామానుకు పెట్టకూడదని సందులో కట్టుబాటు. పెడితే ఆ మనిషిని భూమి లాగేసుకుంటుందని అంటారు.

నా కొడుకు ప్రభుత్వం వారి జాబితాలో కోవ్ యెన్. ఇంట్లో పెంకు. వాడికి ముందు ఇద్దరు పుట్టి పోయారు. పగిలిన పెంకును ఏ దేవతైనా, ఏ దయ్యమైనా ఎందుకు ఎత్తుకుపోతుంది అనుకుని ఆ పాలపేరు పెట్టాను. మొగుడు అప్పటికే పోయాడు. నాకు పాలు పడలేదు. ఎదురింట్లో నువ్వుల రొట్టెలు కాల్చి అమ్మే తోంగ్ అక్క తన కూతురితో పాటు వీడికీ పాలిచ్చింది. అందుకని పెంకుకు ఇద్దరు తల్లులం. ఇద్దరం పోటీలు పడి వాణ్ణి తిట్టేవాళ్ళం.

ఆరేళ్ళప్పుడే వాడు నా పక్కన కూర్చుని వెంట్రుకలు కట్టలు కట్టేవాడు. నాది ఎడమచెయ్యి. నా ముడి రెండు చుట్లు ఎడమకు తిరిగి, కొస లోపలికి దూరి, చివర బొటనవేలి గోటితో ఒక నొక్కు పడుతుంది. వాడిది కుడిచెయ్యే అయినా నన్ను చూసి నేర్చుకున్నాడు గనక వాడి ముడీ ఎడమకే తిరిగేది. సందులో మిగతా వాళ్ళందరి ముడులూ కుడికే తిరుగుతాయి. తొమ్మిదో ఏట పగిలిన పెంకుల కుప్ప మీద పడి ఎడమ కనుబొమ్మ రెండుగా చీల్చుకున్నాడు. గాయం మానింది గానీ ఆ గాటులో వెంట్రుకలు మళ్ళీ మొలవలేదు. పెంకును పెంకే కోసిందని తోంగ్ అక్క నవ్వి నవ్వి చచ్చింది, ఆ తరవాత రాత్రంతా వాడి తల ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

పంతొమ్మిదేళ్ళు రాగానే పట్టుకుపోయారు. ఈశాన్యాన ఖితాన్ తెగవాళ్ళ మీదికి వెళ్తున్న సేనలో గుర్రాలు చూసేవాడిగా రాసుకున్నారు. మరుసటేడు ఆ సేన కొండల మధ్య చిక్కుకుని నాశనమైంది. కొన్నాళ్ళకు జాబితాలు వచ్చాయి. చచ్చినవాళ్ళు ఒక జాబితా, చిక్కినవాళ్ళు ఒకటి, పారిపోయినవాళ్ళు ఒకటి. మూడోదాంట్లో మావాడి పేరు ఉంది. పారిపోయినవాడు ఎప్పుడు దొరికినా తల తీసేస్తారు. చచ్చినవాళ్ళ జాబితాలో లేడని సంతోషపడాలో, ఇందులో ఉన్నాడని ఏడవాలో నాకు తెలియలేదు.

అప్పటినుంచి ప్రతి అమావాస్యకూ మా పేటపెద్ద గుమ్మం ముందుకొచ్చి అడిగేవాడు, ఏం ఏడమ్మా, మీవాడొచ్చాడా అని. వాడు మా సందులోనే పుట్టి పెరిగినవాడు, పెంకును భుజాల మీద ఎక్కించుకుని తిప్పినవాడు. వస్తే నీకే మొదట కబురు పెడతాను, కాళ్ళు కడుక్కుని కూర్చో అనేదాన్ని. నవ్వేసి పోయేవాడు. పైనుంచి వాణ్ణీ అడుగుతారు మరి. అలా నాలుగేళ్ళు గడిచాయి. ఈలోగా మా పాత యజమాని పోతే గెంగ్ అనే మేస్త్రి ఇల్లూ ఆవమూ కొనుక్కున్నాడు. పొరుగూరివాడు, మంచివాడు, దగ్గర చూపే తప్ప దూరపు చూపు లేదు. పెంకును ఎన్నడూ చూడలేదు.

ఆ వసంతంలో హెలియాన్ సేనాని పోయాడు. తూర్పు ద్వారం బయట పెద్ద ఇల్లు వాళ్ళది. ఈశాన్యపు యుద్ధంలోనే తొడలో బాణం దిగి, ఆ పుండు మానక నాలుగేళ్ళు తీసుకుని తీసుకుని పోయాడు. వాళ్ళ పెద్ద గుమాస్తా ఫాన్ వచ్చి ఆరు గుర్రాలు, ఆరుగురు గుర్రపువాళ్ళు కావాలని చెప్పాడు. మొదటి గుర్రం సేనాని సొంత ఎర్రగుర్రంలా ఉండాలట. నుదుటి మీద తెల్లమచ్చ, ముందు కాళ్ళు రెండూ తెలుపు. దెబ్బ తిన్న సేనానిని కొండల్లోంచి బయటికి మోసుకొచ్చింది అదే. దాని జూలులోంచి కోసిన వెంట్రుకలే మట్టిగుర్రానికి పెట్టాలని సేనానిని కన్న ముసలమ్మగారి కోరిక. ఫాన్ ఆ కట్టను గుడ్డలో చుట్టి తెచ్చి నా ముందు పెట్టాడు.

గుడ్డ విప్పాను. ముడి ఎడమకు తిరిగి ఉంది. రెండు చుట్లు, కొస లోపలికి, చివర గోటి నొక్కు.

నా పై ప్రాణాలు పైనే పోయాయి. కట్ట చేతిలోనే ఉంది, చెయ్యి నాది కాదన్నట్టుంది. ఎదురుగా గుమాస్తా ఉన్నాడు, పక్కన గెంగ్ ఉన్నాడు. ఏదో ఒకటి మాట్లాడకపోతే నా మొహం చూస్తారని భయం వేసింది.

"వెంట్రుకలు ఎగుడుదిగుడు లేకుండా బాగా కోశారు. ఎవరు కోశారండీ?" అన్నాను.

"మా గుర్రపుశాలలో ఉన్నాడొకడు. అయ్యగారితో పాటు ఆ కొండల్లోంచి వచ్చాడు. ఆ గుర్రం వాడి చెయ్యి తప్ప ఇంకెవరి చెయ్యీ పడనివ్వదు," అన్నాడు ఫాన్. పేరేమిటంటే షీ అంటాడని, అంతకు మించి నోరు విప్పడని కూడా చెప్పాడు.

అంటే మావాడు పారిపోలేదు. గుర్రం మీద సేనానిని వేసుకుని బయటికి తెచ్చాడు. సేనలో తిరిగి చేరలేదు గనక రాతగాళ్ళ లెక్కకు పారిపోయినవాడయ్యాడు. ఆయన బతికినన్నాళ్ళూ వేరే పేరుతో తన నీడలో దాచుకున్నాడు. ఇప్పుడు ఆ నీడ పోయింది. ఇదంతా అక్కడే, జిగురు గిన్నె ముందు కూర్చుని, వెంట్రుకలు విడదీస్తూ నాకు నేనే తేల్చుకున్నాను.

జూలు దిగేశాక ఇంకా గుప్పెడు వెంట్రుకలు మిగిలాయి. వాటిని నా ముడితో కట్టి ఫాన్ చేతికిచ్చాను. చచ్చినవారి గుర్రం వెంట్రుకలు పరాయి ఇంట్లో మిగలకూడదండీ, కోసినవాడికే ఇచ్చెయ్యండి అన్నాను. అలాంటి కట్టుబాటు ఏదీ లేదు. అప్పటికప్పుడు పుట్టించాను. తోకకు వెంట్రుకలు కావాలి, అవి కూడా అతని చేతనే కోయించండి అని చెప్పాను.

మూడో రోజున తోక వెంట్రుకలు వచ్చాయి. అదే ముడి. గెంగ్ మట్టి తొక్కించే చోటికి వెళ్ళాక చుట్లు విప్పాను. ముడి కడుపులో గోరంత పెంకుముక్క ఉంది.

బొమ్మల అరల వెనక్కి పోయి కూర్చుని, నోట్లో కొంగు కుక్కుకుని ఏడ్చాను. ఏడవడం అంటే అది సంతోషమే. నా కొడుకు ఉన్నాడు. రెండు క్రోసుల దూరంలో ఉన్నాడు. వాడికి తెలుసు నాకు తెలుసని. నాలుగేళ్ళుగా గుండెల మీద కూర్చున్న రాయిని ఎవరో ఎత్తి అవతల పెట్టినట్టయింది. ఆ పెంకుముక్కను తేనెచుక్కలా నాలుక కింద పెట్టుకుని ఆ పూటంతా రంగులు నూరాను.

మధ్యాహ్నం తోంగ్ అక్క రొట్టె పట్టుకొచ్చి నా కళ్ళు చూసింది. ఏమే, ఏడ్చావా అంది. రంగుపొడి పడిందన్నాను. ముప్పై ఏళ్ళుగా రంగులు నూరుతున్నావు, ఇవాళే పడిందా అని నా గడ్డం పట్టుకుని చూసింది. చెప్పలేదు. అక్క నోరు పెద్దది, అందుకని చెప్పలేదు. దాని గుండె నోటికన్నా పెద్దదని తెలిసి కూడా చెప్పలేదు.

ఇక నేను చేసిన పని చెప్పాలి.

ఎర్రగుర్రం పక్కన నిలబడే గుర్రపువాడు అచ్చులోంచి వచ్చి నా బల్ల మీద ఆరుతున్నాడు. ఎవరిదీ కాని మొహం. మట్టి తోలులా బిగుసుకుంది, కత్తికి లొంగే అదను అదే. అంతకుముందే ఫాన్ చెప్పి ఉన్నాడు, ఊరేగింపులో బొమ్మల పల్లకీ వెనకాల నిజం ఎర్రగుర్రాన్ని నడిపించేది ఆ షీ అనేవాడేనని. నాకు బుద్ధి పుట్టింది. బుద్ధి అనకూడదు, పొయ్యేకాలం అనాలి. వాడు దారి పొడుగునా ఈ బొమ్మ వెనకే నడుస్తాడు. దీన్ని చూస్తాడు. అమ్మ చెయ్యి వాడు గుర్తుపట్టకపోతే ఇంకెవరు పడతారు? నిన్ను నేను మర్చిపోలేదురా, నీ మొహం నా వేళ్ళలో ఉందిరా అని వాడికి చెప్పడానికి నాకు ఇంకో దారి లేదు. ఆ సాయంత్రానికే బొమ్మ భూమిలోకి పోతుంది. గుర్రపువాడి మొహం ఎలాగూ ఎవరూ చూడరు. భూమి లాగుతుందన్న మాటంటారా, ముప్పై ఏళ్ళలో నేను చేసిన ఒక్క గుర్రం కాలు కదిపింది లేదు, అవి మనుషుల్ని లాగుతాయా అనుకున్నాను.

ఒక పూట కూర్చుని చేశాను. చెంపల కింద పల్లం, కాస్త ముందుకొచ్చే పై పెదవి, నవ్వబోయి ఎవరో కేకేస్తే ఆగిపోయినట్టుండే ఆ మూతి. చివర ఎడమ కనుబొమ్మ మీద గాటు. గాటు పెట్టేటప్పుడు కత్తి ఆగింది. కాసేపే. పెట్టేశాను.

గెంగ్ వచ్చి బొమ్మ దగ్గరికి ముక్కు ఆనించి చూశాడు.

"బాగుందే ఏడమ్మా. ఇన్నాళ్ళూ చేసినవాళ్ళంతా చచ్చినవాళ్ళలా ఉంటారు, వీడు బతికినవాడిలా ఉన్నాడు. ఉండు, అచ్చు తీసుకుంటా," అన్నాడు.

వద్దనాలి. గర్వం అడ్డొచ్చింది. ముప్పై ఏళ్ళకు ఒక మేస్త్రి నా చేతిని మెచ్చుకున్నాడు, అదీ నా కొడుకు మొహాన్ని. తీసుకోండి మేస్త్రీ అన్నాను.

శవయాత్ర రోజు పొద్దున్నే సందంతా పెద్ద బాటకు ఎగబడింది. పెద్దింటి చావుల్లో కింది సామానును పైకప్పు లేని పల్లకీల మీద పెట్టి ఊరేగిస్తారు. మా చేతి పని మేం చివరిసారి చూసుకునేది అక్కడే. నేను, తోంగ్ అక్క ముందు వరసలో నిలబడ్డాం. జనాన్ని వెనక్కి నెట్టడానికి పేటపెద్ద వెదురు బద్ద పట్టుకుని నాలుగడుగుల అవతల ఉన్నాడు. వాడు ఉంటాడని తెలుసు. వాడి పని ఏడ్చేవాళ్ళను వెనక్కి తొయ్యడం, మొహాలు వెతకడం కాదు అనుకున్నాను.

పాటకత్తెలు పోయారు. ఒంటెలు పోయాయి. నా ఎర్రగుర్రం వచ్చింది. ఎండ పడి తెల్లమచ్చ మెరిసింది, జూలు గాలికి కదిలింది, జనం ఆహా అన్నారు. అందరూ గుర్రాన్నే చూశారు. నా మాట నిజమే అనుకున్నాను. పల్లకీ వెనక నిజం ఎర్రగుర్రం ఖాళీ జీనుతో నడుస్తోంది. దాని పగ్గం పట్టుకుని, తెల్ల నారబట్టలు కట్టుకుని, తల వంచుకుని వాడు.

చిక్కిపోయాడు. ఒక భుజం కిందికి దిగింది. గడ్డం వచ్చింది. నా వైపు చూడలేదు, చూడకూడదని వాడికీ తెలుసు. నా దగ్గరికి వస్తుండగా మాత్రం చేతిలో పగ్గం మీద బొటనవేలి గోటితో ఒక నొక్కు నొక్కాడు. ముడి చివర నొక్కే నొక్కు. కట్టలు కట్టలుగా మాట్లాడినట్టయింది నాకు. చాలు, ఇక చచ్చిపోయినా పరవాలేదనుకున్నాను. ఆ మాటను ఎవరో విని ఆ చావును తప్పు మనిషి పేర రాసుకున్నారు.

తోంగ్ అక్క నా మోచెయ్యి పట్టుకుంది. అది చూస్తున్నది గుర్రాన్ని కాదు. లోకంలో అందరూ గుర్రాన్ని చూస్తే, పాలిచ్చిన మనిషి పల్లకీ మీద పగ్గం పట్టుకున్నవాడి మొహం చూసింది.

"ఏమే ఏడమ్మా, ఇది మన పెంకుగాడి మొహమే కదే," అంది.

నోరు మూసుకో అక్కా అని పళ్ళ మధ్యనుంచి అని గట్టిగా గిల్లాను. కొడుకు మీద బెంగను దాచుకుంటున్నానని అనుకుంది పిచ్చిది. నా వీపు నిమురుతూ, ఏడవాలనిపిస్తే ఏడువే, ఎవరికి భయపడతావు అంది. కళ్ళు తుడుచుకుంది. తుడుచుకుని తలెత్తింది. బొమ్మ ముందుకు పోయింది, బొమ్మ వెనకాల ఉన్నవాడు అక్క ఎదురుగా ఉన్నాడు.

"ఒరేయ్ పెంకూ," అంది.

అరవలేదు. గుమ్మంలోంచి రొట్టె తినిపోరా అని పిలిచేదే, ఆ పిలుపు. వాడు నాలుగేళ్ళు షీ అనే పేరుకు పలికాడు, గుర్రపుశాలలో ఎవరికీ మొహం చూపించకుండా బతికాడు. ఆ పిలుపుకు మాత్రం తల తిప్పాడు. సగం తిప్పి ఆపుకున్నాడు. సగం చాలింది.

పేటపెద్ద వాడి కనుబొమ్మ చూశాడు. ముందుకు పోతున్న పల్లకీ మీది బొమ్మను చూశాడు. తరవాత నన్ను చూశాడు. వేళ్ళతో ఎన్ని మొహాలు చేసినా నా మొహం నేను సరిచేసుకోలేకపోయాను.

శవయాత్ర ఆగలేదు. సేనానిని, గుర్రాలను, మట్టి పెంకును కొండ మీద సమాధిలో పెట్టి మూసేశారు. మావాణ్ణి కచేరీకి తీసుకుపోయారు. ఫాన్‌ను అడిగితే, పోయిన అయ్యగారు ఎవరిని ఎందుకు పెట్టుకున్నారో మాకు తెలియదని ముసలమ్మగారు సెలవిచ్చారన్నాడు. ఆవిడ కొడుకును నాలుగేళ్ళు దక్కించినవాణ్ణి ఆ ఒక్క ముక్కతో వదిలించుకున్నారు.

రెండో రోజున నన్ను, అక్కను పిలిచారు. వాడు మోకాళ్ళ మీద ఉన్నాడు, మెడకు ఖైదీలకు బిగించే చెక్క. ఈమె ఎవరని అధికారి అడిగితే, ఎవరో పెద్దావిడ, నేను ఎరగనన్నాడు. నా కొడుకు ఆ కొండల్లోనే పోయి ఉంటాడు దొరా, ఈ మనిషి ఎవరో నాకు తెలియదన్నాను. వాడి కళ్ళలోకి చూస్తూ అన్నాను. అక్క అయితే నేల మీద పడి, కళ్ళకు మసకలు వచ్చాయి దొరా, దారిన పోయే ప్రతి కుర్రాణ్ణీ ఆ పేరుతో పిలుస్తాను, సందులో ఎవరినైనా అడగండి అని ఒట్టు పెట్టుకుంది. ముగ్గురం ఒక్కమాట మీద నిలబడ్డాం. కనుబొమ్మ మీద గాట్లు ఊళ్ళో వందమందికి ఉంటాయని అధికారే అన్నాడు. పోలిక ఉందన్న బొమ్మ సమాధిలో ఉంది. మూసిన సమాధి తెరవడం పారిపోవడం కన్నా పెద్ద నేరం. నాకు ఊపిరి అందింది.

అప్పుడు పేటపెద్ద అన్నాడు, "అచ్చు ఉంటుంది కదండీ దొరగారూ."

మా సందులో పుట్టినవాడు కాకపోతే ఆ మాట ఎవడికి తోస్తుంది? వాడూ సంతోషంగా అనలేదు, నేల చూస్తూ అన్నాడు. తెలిసీ దాచాడని తరవాత బయటపడితే వాడి తల పోతుంది.

గెంగ్ అచ్చు తెచ్చాడు. తెమ్మన్నది కచేరీ, ఏం చేస్తాడు. మట్టి కూడా తెప్పించారు. చేసినదానివి నువ్వే గనక నువ్వే నొక్కమన్నాడు అధికారి. నొక్కాను. నా జన్మలో అంత చెడ్డపని చెయ్యలేదు. కనుబొమ్మ దగ్గర మట్టి ఆననివ్వలేదు, మూతి దగ్గర వేలు జార్చాను. బయటికి తీస్తే అలికినట్టు వచ్చింది. ఎవరి మొహమూ కాదు. పెంకు దాన్ని చూసి, నన్ను చూసి, తల దించుకున్నాడు. నవ్వు ఆపుకుంటున్నాడని నాకు మాత్రమే తెలుసు. చిన్నప్పుడు నా చేతిలో గుర్రం చెవి విరిగితే అలాగే తల దించుకునేవాడు.

"ఈమె కావాలని మెత్తగా నొక్కింది. మేస్త్రి చేత నొక్కించండి," అన్నాడు పేటపెద్ద.

గెంగ్ నా వైపు చూడకుండా మట్టి తీసుకున్నాడు. అతను మంచి పనివాడు, చెడ్డగా నొక్కడం అతనికి రాదు. మొహం వచ్చింది. చెంపల పల్లం, పై పెదవి, నవ్వబోయి ఆగిన మూతి, గాటు. కచేరీ బంటు ఒకడు దాన్ని పట్టుకెళ్ళి మావాడి చెంప పక్కన పెట్టాడు.

అధికారి చాలాసేపు చూశాడు. "పోలికంటే ఎవరైనా చేస్తారు. ఇలా తల్లి తప్ప ఇంకెవరూ చెయ్యలేరు," అన్నాడు. కోపంగా కూడా అనలేదు.

ఇక దాచడానికేమీ మిగల్లేదు. అప్పుడు వాడు నాతో మాట్లాడాడు, నాలుగేళ్ళకు.

"దారి పొడుగునా చూసుకుంటూ వచ్చానమ్మా. కనుబొమ్మ గాటు కూడా మర్చిపోలేదు నువ్వు."

నా వేళ్ళకు అంటిన అచ్చు మట్టి ఇంకా ఆరలేదు.

నాలుగు రోజుల తరవాత పడమటి అంగడి దగ్గర తల తీశారు. పారిపోయినవాళ్ళ శవాలు ఇవ్వరు, పూడ్చనివ్వరు. ఊరి బయట గోతిలో పడేశారు, కుక్కలకూ కాకులకూ. పగిలిన పెంకును ఎవరూ ఎత్తుకుపోరనుకున్నాను కదా. మట్టితో చేసినవాడు సేనాని పక్కన, మంచి గుర్రం పగ్గం పట్టుకుని, రాళ్ళ కట్టుబడి కింద చల్లగా నిలబడి ఉన్నాడు. కన్నవాడికి గుప్పెడు మట్టి వెయ్యలేకపోయాను.

అబద్ధపు సాక్ష్యానికి నాకు ఇరవై, అక్కకు ఇరవై బెత్తం దెబ్బలు వేశారు. అక్క అప్పటినుంచి ఎడమకాలు ఈడుస్తుంది. నెల రోజులు నా గడప తొక్కలేదు. తరవాత ఒకనాడు రొట్టె పట్టుకుని వచ్చి నా ముందు కూర్చుంది.

"ఒక్క మాట చెప్పి ఉంటే నా నాలుక నేనే కొరుక్కునేదాన్ని కదే," అంది. అంతే అంది. ఆ రొట్టె ఇద్దరం తినలేదు.

కట్టుబాటు తప్పింది గనక భూమి లాగేసుకుందని సందులో అంటారు. నా ఎదుట అంటే నేను ఊరుకోను. భూమి ఎవర్నీ లాగలేదు. నా చెయ్యి పట్టించింది. అది కాస్త చెడ్డ చెయ్యి అయి ఉంటే నా కొడుకు ఇవాళ ఏదో ఒక గుర్రపుశాలలో మొహం దాచుకుని బతుకుతూ ఉండేవాడు.

పని అయిపోయాక కచేరీవాళ్ళు అచ్చును వెనకవైపు ముద్ర వేసి గెంగ్‌కు తిరిగి ఇచ్చారు. అతను దాన్ని నా కళ్ళెదుటే పగలగొట్టడానికి ఎత్తాడు. చెయ్యి పట్టుకున్నాను. ఎందుకు పట్టుకున్నానంటే ఏం చెప్పను, వాడి మొహం ఇంకెక్కడా లేదు.

ఆరేళ్ళయింది. ఆ మొహం బాగుందని జనం అడిగి మరీ చేయించుకుంటున్నారు. మాంగ్ కొండ మీద ఎన్ని సమాధుల్లో నా కొడుకు నిలబడి ఉన్నాడో నాకు తెలియదు. ప్రతిసారీ పిడికిలి చిల్లులో తాడు నేనే దూర్చి, ఎడమకు రెండు చుట్లు తిప్పి ముడి వేస్తాను. ఈ వారం ఇంకా నలుగురు బల్ల మీద ఆరుతున్నారు. అచ్చులోంచి ప్రతివాడూ కనుబొమ్మ మీద గాటుతోనే వస్తాడు. మట్టి బిగుసుకోకముందే బొటనవేలు తడి చేసుకుని, ఆ గాటు పూడ్చేస్తాను. ఎవరూ గుర్తుపట్టకుండా.